గుడి ఎలా నిలబడిందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో రామప్ప గుడి మీద వచ్చిన పెద్ద వ్యాసం చదివాను. మదనికల గురించి, నాట్య భంగిమల గురించి, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు గురించి చక్కగా రాశారు, ఫొటోలూ బాగున్నాయి. కానీ శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్ళలో తేలతాయన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో, అదీ ఏదో వింతలాగా చెప్పి వదిలేశారు. నాకు బాధ అనిపించింది అక్కడే. అది వింత కాదండీ. ఆ గుడి కట్టినవాళ్ళ బుర్ర ఎలా పనిచేసిందో తెలిసేది ఆ ఇటుక దగ్గరే.

నేను ఉండేది నాందేడ్ జిల్లా దెగ్లూరులో. 1956 దాకా మేమూ మీతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. ఇప్పటికీ దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతాం, బడి చదువు మరాఠీలో, పేపరు మాత్రం తెలుగుది. సివిల్ డిప్లొమా చేసి ఇక్కడే ఇళ్ళు కట్టించే పనిలో ఉన్నాను కాబట్టి గుడి చూసినా, గడీ చూసినా, పాత మిద్దె చూసినా నా చూపు ముందు కప్పు మీదికే పోతుంది. ఇంత బరువును ఎవరు మోస్తున్నారు, ఎటు దించుతున్నారు అని.

రామప్ప గుడిని 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గోడలకు ఇసుకరాయి, చెక్కడం బాగా నిలవాల్సిన స్తంభాలకు గట్టి నల్లరాయి, అన్నిటికన్నా పైన ఉండే శిఖరానికి తేలిక ఇటుక. కింద పునాదిలో ఇసుక నింపారు. అంటే బరువును కిందనే ఉంచి, పైకి పోయేకొద్దీ తగ్గించుకుంటూ పోయారు. రోములో పాంథియాన్ అనే గుడి ఉంది, రామప్పకు వెయ్యేళ్ళ ముందుది, రెండో శతాబ్దంలో కట్టింది. దాని గుమ్మటం 43 మీటర్ల వెడల్పు, లోపల ఇనుప ఊచ ఒక్కటి లేని కాంక్రీటు. దాని అడుగు భాగంలో కలిపిన కంకర బరువైనది, పైకి వెళ్ళేకొద్దీ తేలికది, చివర్న ఏకంగా అగ్నిపర్వతాల దగ్గర దొరికే నురగరాయి, అదీ నీళ్ళలో తేలేదే. గుమ్మటం మందం కూడా కింద ఆరు మీటర్ల పైన ఉంటే నడినెత్తిన మీటరు చిల్లరకు వచ్చేస్తుంది. రోములో పనిచేసినవాళ్ళకీ రామప్ప గుడి ఉన్న పాలంపేటలో పనిచేసినవాళ్ళకీ ఒకళ్ళ సంగతి ఒకళ్ళకు తెలిసే వీలు లేదు. ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు, ఎందుకంటే బరువు ఇద్దరికీ ఒకటే పాఠం చెప్పింది. ఇలాంటిది రాస్తే చదివే పిల్లలకు ఆ గుడి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది కదా.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, కప్పు బరువు తెలియకపోతే ఏమవుతుందో మా ప్రాంతం చూసింది.

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా మా పక్క జిల్లా లాతూరులో కిల్లారి దగ్గర భూకంపం వచ్చింది. గణేశ్ నిమజ్జనాలు చేసి వచ్చి జనం అలసి పడుకున్న రాత్రి. తీవ్రత 6.2 అన్నారు, ప్రపంచంలో వచ్చే భూకంపాల లెక్కలో అదేమీ మహా పెద్దది కాదు. చనిపోయినవాళ్ళు మాత్రం 8 వేల దగ్గర్నుంచి 10 వేల దాకా అని లెక్కలు చెబుతాయి. వాళ్ళను చంపింది వాళ్ళ ఇళ్ళే. ఊళ్ళకు ఊళ్ళు, 52 గ్రామాలను పాత చోటు నుంచి లేపి కొత్తచోట కట్టాల్సి వచ్చింది. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో జోన్‌లో ఉండేది.

ఆ ఇళ్ళు ఎలాంటివో మీ పాఠకుల్లో చాలామందికి తెలుసు, ఎందుకంటే నిజామాబాద్, కామారెడ్డి వైపు పల్లెల్లో ఉన్న మట్టి మిద్దెలకు అవి అన్నదమ్ములే. లోపల కర్ర స్తంభాలు, వాటి మీద దూలాలు, దంతెలు, వాటి మీద కర్రలూ ఆకులూ పరిచి, ఆ పైన మట్టి. ఏటా వానలకు ముందు మిద్దె కురవకుండా ఇంకాస్త చౌడు పోసి తొక్కుతారు. తాత పోశాడు, తండ్రి పోశాడు, కొడుకు పోశాడు, తీసినవాడు ఎవడూ లేడు. అలా కప్పు అడుగున్నర, రెండడుగుల మందం అయిపోయింది. లెక్క వేసి చూడండి. అడుగున్నర మందం మట్టి అంటే చదరపు మీటరుకు 800 కిలోల దాకా వస్తుంది, పదడుగులకు పదడుగుల గది మీద ఏడెనిమిది టన్నులు. ఆ మట్టి మందాన్ని తప్పు పట్టే ముందు అది ఎందుకు పోశారో కూడా చెప్పాలి. మే నెలలో ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంది, ఆ మిద్దె కింద మధ్యాహ్నం హాయిగా నిద్ర పడుతుంది. నల్లరాయి ఎక్కడ తవ్వినా దొరుకుతుంది, మంచి కలప తక్కువ. చేతిలో ఉన్న సరుకుతో, పైనున్న ఎండకు తగ్గట్టు కట్టుకున్న ఇల్లు అది. భూమి కదులుతుందన్న జ్ఞాపకం ఆ ఊళ్ళకు లేదు, అందుకని ఇంటి ఆకారంలోనూ లేదు.

అయితే కిల్లారిలో అసలు దోషం కప్పు కన్నా గోడలో ఎక్కువ ఉంది. రెండడుగుల నుంచి నాలుగైదు అడుగుల మందం గోడ చూసి ఇది ఏనుగు గుద్దినా కదలదు అనుకుంటాం. నిజానికి అది ఒక గోడ కాదు, బయటివైపు ఒక వరస రాళ్ళు, లోపలివైపు ఒక వరస రాళ్ళు, నడుమ చిన్న రాళ్ళు, మట్టి పోసిన నింపుడు. రెండు వరసలనూ కలిపి పట్టుకునే పొడవాటి కట్టు రాయి లేదు. భూమి ఊగగానే రెండు పొరలూ చెరోవైపు విడిపోయాయి, మధ్యలో నింపుడు జారింది, పడుకున్నవాళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. చాలాచోట్ల గోడలు కూలినా లోపలి కర్ర చట్రం కప్పును పట్టుకుని నిలబడే ఉంది. అదే ఊళ్ళలో బీదవాళ్ళ గడ్డి గుడిసెలు తట్టుకున్నాయి. నెత్తిన బరువు లేని ఇల్లు బతికించింది. ఇది చదువుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది, ఎందుకంటే గజానికో కట్టు రాయి ఖర్చు లేని పని. రెండడుగుల ఎత్తుకొకసారి, నాలుగడుగుల దూరానికొకటి గోడ మందమంతా పట్టే రాయి పెట్టాలని 1993లో వచ్చిన ఐఎస్ 13828 అనే భారతీయ ప్రమాణంలో రాసి ఉంది. ఆ ఒక్క అలవాటు ముందే ఉండి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో.

కట్టడాల చరిత్ర చదివితే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. కొత్త సరుకు ముందు వస్తుంది, దాన్ని వాడే తెలివి తర్వాత వస్తుంది, ఆ రెంటి మధ్యా కొంతకాలం జనం కొత్త సరుకుతో పాత పనే చేస్తారు. అజంతాలో చైత్య గుహల్లో, అంటే బౌద్ధుల ప్రార్థన గుహల్లో, పైకి చూడండి, కొండను తొలిచి చేసిన కప్పుకు వాసాల్లాంటి రాతి పట్టీలు వరసగా కనిపిస్తాయి. ఆ వాసాలు ఏ బరువూ మోయవు, మోసేది కొండే. అంతకుముందు కర్రతో కట్టిన చైత్యాల ఆకారం చేతుల్లో ఉండిపోయింది, రాయి వచ్చినా చేతులు కర్ర పనే చేశాయి. ఇంగ్లండులో 1779లో ప్రపంచంలో మొదటిసారి పోత ఇనుముతో పెద్ద వంతెన కట్టారు, ముప్పై మీటర్ల కమాను. ఆ ఇనుప ముక్కల్ని ఎలా కలిపారో తెలుసా, వడ్రంగి కలిపినట్టు, తొలి పెట్టి, కూసం దిగ్గొట్టి, చీలలు వేసి. ఇనుముకు తగిన అతుకు ఇంకా ఎవరికీ తట్టలేదు. ఈ రెండూ అందంగా, గట్టిగా నిలబడ్డాయి కాబట్టి వాటిని చూసి మురిసిపోతాం. అన్నిసార్లూ అలా నిలబడదు.

రాతికి తగిన తెలివి వచ్చాక ఏమైందో మా దగ్గరి హొట్టల్ అనే ఊరి పాత గుళ్ళలో, మీ హన్మకొండ వేయిస్తంభాల గుడిలో కనిపిస్తుంది. రాయిని నొక్కితే ఎంతైనా మోస్తుంది, వంచితే విరుగుతుంది. రాతి దూలం మీద బరువు పడితే దాని కింది అంచు సాగబోతుంది, ఆ సాగుడును రాయి తట్టుకోలేదు. అందుకని దూలం పొడవు పెంచడానికి లేదు, కొద్ది దూరానికో స్తంభం పడాల్సిందే. 1163లో కట్టిన హన్మకొండ గుడిలో అన్ని స్తంభాలు ఉండటం వెనక అందం ఒక్కటే లేదు, ఈ అవసరం ఉంది. ఆ కాలపు గుళ్ళ మండపాల్లో నడిమి కప్పు చూడండి. నాలుగు మూలల మీద అడ్డంగా బండలు పెడితే చదరం చిన్నదవుతుంది, దాని మూలల మీద మళ్ళీ పెడితే ఇంకా చిన్నదవుతుంది, చివరికి ఒక్క బండతో మూసేసే అంత అవుతుంది, ఆ బండ కిందివైపు పద్మం చెక్కుతారు. మనం మెడలెత్తి చూసే ఆ పద్మం పుట్టింది, పొడవాటి బండ లేకుండా కప్పు మూయడం ఎలా అన్న చిక్కులోంచి. శిల్పం ఒకవైపు, కట్టుబడి ఒకవైపు అని విడదీసి రాయడానికి వీల్లేదు అంటున్నది ఇందుకే.

కమాను వచ్చాక మొత్తం మారిపోయింది. బీదర్ మాకు దూరం కాదు, అక్కడ బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ఇప్పటికీ సగానికి పైగా నిలిచి ఉంది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, వంగే పని ఏ రాయికీ ఉండదు, కాబట్టి చిన్న రాళ్ళతో పెద్ద వెడల్పు దాటొచ్చు, స్తంభాలు అక్కర్లేని గదులు వస్తాయి. కాకపోతే కమాను కాళ్ళు బయటికి తన్నుతాయి, ఆ తన్నుడును ఎవరో ఒకరు ఆపాలి. మన దగ్గర మందపాటి గోడ ఆపింది. ఫ్రాన్సులో చర్చిలకు బయటినుంచి రాతి ఊతాలు పెట్టి గోడలు పల్చన చేసి కిటికీలు పెంచారు, అలా పెంచుకుంటూ పోయి బోవే అనే ఊళ్ళో 48 మీటర్ల ఎత్తుకు లేపితే 1284లో ఆ కప్పు కూలింది. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో 1656 నాటికి మన దక్కనీ మేస్త్రీలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే కమానుల మీద అంత గుమ్మటాన్ని కూర్చోబెట్టారు, లోపల ఒక్క స్తంభం లేదు. దీనికంతటికీ వెనక ఉన్నది సున్నం. గానుగలో ఎద్దులతో రుబ్బించిన డంగుసున్నం, దాంట్లో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. అది గాలిలోంచి మెల్లగా గట్టిపడుతుంది, కట్టడం కాస్త సర్దుకున్నా పగలకుండా తనూ సర్దుకుంటుంది. ఇప్పుడు పాత గడీలకు, పాత గుళ్ళకు మరమ్మతు అంటూ ఆ సున్నం గోడల మీద సిమెంటు పూస్తున్నారు, లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి గోడ లోపల్లోపలే కుళ్ళుతుంది. దయచేసి దీని మీద కూడా మీ పత్రిక గట్టిగా రాయాలి.

1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి నాందేడ్ మీదుగా మన్మాడ్ రైలు మార్గం పడ్డాక బరువైన సరుకు దూరం నుంచి రావడం సులువైంది. ఇనుప గర్డర్లు వేసి వాటి మధ్య షాబాదు సున్నపురాయి బండలు పరిచిన కప్పులు మా ఊళ్ళలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. నాకు ఆ కప్పంటే చాలా ఇష్టం. కింద ఎక్కడ చూసినా ఏది దేన్ని మోస్తోందో కంటికి కనిపిస్తుంది, ఒక బండ పగిలితే దాన్నే మార్చుకోవచ్చు. తర్వాత ఆ సున్నపురాయే షాబాదులో సిమెంటు అయింది, ఆ సిమెంటే స్లాబు అయింది.

ఇక స్లాబు. కాంక్రీటు నొక్కుడును తట్టుకుంటుంది, లోపలి ఊచ సాగుడును తట్టుకుంటుంది. రాయికి చేతకాని ఆ పని ఊచ చేస్తుంది కాబట్టే స్తంభాల అడవి పోయింది, పెద్ద హాలు వచ్చింది, బాల్కనీ గాల్లో నిలబడింది. ఫ్రాన్సులో మోనియే అనే తోటమాలి 1867లో పూలతొట్టెలకు పేటెంటు తీసుకున్న దగ్గర్నుంచి పాతికేళ్ళకే దాంతో స్తంభం, దూలం, కప్పు కలిపి ఒకటే చట్రంగా పోసే పద్ధతి వచ్చేసింది. ఆ చట్రమే కాంక్రీటుకు తగిన తెలివి. మా పల్లెల్లోకి సరుకు వచ్చింది, ఆ తెలివి ఇంకా పూర్తిగా రాలేదు. ఇప్పుడు ఇక్కడ జరుగుతున్నది చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. పాత రాతిగోడలు అలాగే ఉంచి, మట్టి కప్పు తీసేసి, వాటి మీద నేరుగా ఐదంగుళాల స్లాబు పోస్తున్నారు. పదడుగుల గదికి అదీ మూడు టన్నులే, మట్టి కన్నా తక్కువే, కానీ ముందు మట్టిని కర్ర స్తంభాలు మోసేవి, ఇప్పుడు ఆ స్తంభాలు పీకేసి బరువంతా ఆ రెండు పొరల గోడ మీదే పెడుతున్నారు. కిల్లారిలో ఏది మోసిందో దాన్ని తీసేసి, ఏది కూలిందో దాని మీద ఇల్లు నిలుపుతున్నాం. గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు బ్యాండు, తలుపులు కిటికీల పైన ఒకటి, కప్పు కింద ఒకటి, ఘర్‌కుల్ అనే సర్కారు పథకం ఇళ్ళలో సైతం చాలాచోట్ల కనిపించదు. తలుపు మీద ముక్క లింటెల్ వేసి ఊరుకుంటారు.

పట్నం వైపు ఇంకో తీరు. రోడ్డు మీద ఇల్లయితే కింద షట్టర్ల దుకాణాలు, గోడలే ఉండవు, సన్నటి పిల్లర్లు, పైన రెండంతస్తుల బరువు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద పార్కింగ్ కోసం ఖాళీగా వదిలిన అంతస్తే ప్రాణం తీసింది. పిల్లర్ ఊచల చుట్టూ వేసే రింగుల కొక్కేలను లోపలికి 135 డిగ్రీలు వంచాలి, మా దగ్గర లంబంగా మడిచి వదిలేస్తారు, ఊగినప్పుడు ఆ రింగు విప్పుకుంటుంది. కాంక్రీటు జారుగా రావాలని నీళ్ళు ఎక్కువ పోస్తారు, వేసవిలో నీళ్ళు లేక క్యూరింగ్, అంటే కాంక్రీటును తడుపుతూ ఉండటం, మూడు రోజులకే ఆపేస్తారు. నేలేమో రేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, మొరం తగిలేదాకా తవ్వకుండా పునాది వేస్తే ఏ ఊచా కాపాడలేదు. 2024 మార్చిలో హింగోలి జిల్లాలో భూమి కదిలితే నాందేడ్‌లోనూ తెలిసింది. అదే ఏడాది డిసెంబరు 4న ములుగులో 5.3, రామప్ప గుడి ఉన్న జిల్లాలోనే.

ఇందులో మేస్త్రీలను తప్పు పట్టడం లేదు. మా వైపు పనిచేసే సుతారులు చాలామంది మద్నూర్, జుక్కల్, బోధన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు, చేతిలో మంచి పనితనం ఉంది, చూపిస్తే ఒక్కసారికే పట్టుకుంటారు. వాళ్ళకు చూపించేవాళ్ళు లేరు. మహారాష్ట్ర వైపు వచ్చే సూచనల కాగితాలు మరాఠీలో, ప్రమాణాల పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. వాళ్ళు చదివేది టీ కొట్టు దగ్గర మీ పేపరు. సరిహద్దుకు ఇటున్న తెలుగువాళ్ళకు ఈ విషయంలో మీ పత్రిక చేయగలిగినంత పని ఇంకెవరూ చేయలేరు.

అందుకని రెండు అడుగుతున్నాను. గుళ్ళ మీద, కోటల మీద వ్యాసాలు వేసినప్పుడు ఒక ఇంజినీరు చేతో, అనుభవం ఉన్న స్థపతి చేతో సగం పేజీ అయినా కట్టుబడి గురించి రాయించండి, కప్పు బరువు ఎటు దిగుతుందో బొమ్మ గీసి చూపించండి. రెండోది, వారానికొకసారి సుతారి పని మీద ఒక చిన్న శీర్షిక పెట్టండి, బొమ్మలతో, వాళ్ళు మాట్లాడుకునే మాటల్లో. దసరా దాటగానే మా దగ్గర కొత్త పనులు మొదలవుతాయి, కాబట్టి మొదటి వారం కట్టు రాయి, రెండో వారం బ్యాండు, మూడో వారం రింగు కొక్కెం వేస్తే ఈ ఏడే ఉపయోగపడుతుంది. బొమ్మలు కావాలంటే గీసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దెగ్లూరు, నాందేడ్ జిల్లా